ఓటుకు ముందే ఎక్కిన పేర్లు

అన్నయ్యా,

నువ్వు ఫోనెత్తడం లేదు కాబట్టి రాస్తున్నాను. మన ముందుగదిలో పుట్టి, ముగ్గురిని చట్టసభకు పంపిన ఉదారవాద పార్టీ మనది. ఆఫీసులో ఫ్యాను వేయాలన్నా చేతులెత్తి తేల్చుకునేవాళ్లం. ఊరంతా నవ్వేది. పెద్ద పార్టీలో కలవాలా వద్దా అన్నది కూడా రేపు అలాగే తేలాలి కదా! మరి ఈ పొద్దున పెయింటరు వచ్చి మన ఆఫీసు గుమ్మం ఎందుకు కొలిచినట్టు?

"కొత్త బోర్డు రాసేశానమ్మా, ఆరుతోంది. అధ్యక్షులవారు, మీ అన్నయ్యగారే చెప్పారుగా," అన్నాడు.

మా చెవుల్లో పువ్వులు పెట్టడానికా రేపటి సమావేశం?

పెద్ద పార్టీ పేరు కింద నీ పేరుందట. అది నేను అనుకున్నదే. దాని కింద నాదీ ఉందట!

నేను వద్దంటానని నీకు తెలుసు. ఇప్పుడు నేను చెయ్యెత్తి వద్దన్నా మనవాళ్లలో ఎవరు నమ్ముతారు? అందుకేనా రాయించావు?

నీ చెల్లెలు