కిటికీ పక్కన సుగుణ

ఏలియా అనే నేను, రైల్వే వ్యాగన్ల కార్ఖానాలో పెయింటరుగా చేసి రిటైరైనవాణ్ణి, రాయ్‌పూర్ పక్క బీర్‌గావ్ నివాసిని. ఊపిరి సరిగా ఆడటం లేదు గాని బుద్ధి సరిగానే ఉంది. ఎవరి బలవంతమూ లేకుండా, దేవుడు చూస్తుండగా, నా తదనంతరం జరగవలసినవి రాస్తున్నాను. అమలు బాధ్యత నా స్నేహితుడు సత్తిరాజు గారిది.

1. నా భార్య సుగుణ కిటికీ పక్కన కూర్చుని చిన్న గౌనుకు కాజాలు కుడుతున్న బొమ్మ, కోడలు జెస్సీకి. ఈ ఇంట్లో దిగిన కొత్తలో వేశాను. గీతలు గీయకుండా రంగు పక్కన రంగు అద్దడం లైబ్రరీలో ఫ్రాన్సు బొమ్మల పుస్తకం చూసి నేర్చుకున్నాను. చూసినవాళ్లంతా రాత్రిపూట గది అనుకుంటారు. అది పట్టపగలు. గోడ తెలుపు, కర్టెన్ నిమ్మపండు రంగు. కిటికీలు మూసినా ఫ్యాక్టరీల మసి వచ్చి దాని మీద కూర్చుంది. జెస్సీ, గట్టిగా రుద్దకమ్మా, మీ అత్తగారి ముఖం కూడా పోతుంది.

2. "ఖుల్లా జాగా బావా, చుట్టూ ఖాళీ, మంచి గాలి" అని ఈ స్థలం నాచేత కొనిపించిన బావమరిది పున్నయ్యకు, మా డాబా మీద ఊడ్చిన మసి ఒక డబ్బా. తను మాత్రం ఇక్కడ ఇల్లు కట్టుకోలేదు. వాళ్లక్క ఈ గాలి పీల్చే పోయింది. ఇది కోపంతోనే ఇస్తున్నాను.

3. బొమ్మలో సుగుణ కుడుతున్న గౌను మనవరాలు నీలిమకు. ట్రంకులో గుడ్డ చుట్టి ఉంది. ఉతికి తొడగండి. ఈ ఇంటి డాబా మీద మాత్రం ఆరేయకండి.

4. ఇల్లు, స్థలం నా కుమారుడు శామ్సన్‌కు సర్వహక్కులతో చెందుతాయి, ఒక షరతు మీద. నా భూస్థాపన జరిగిన నెలలోగా నీలిమను ఇక్కడి నుంచి తీసుకుపోవాలి. లేకుంటే ఇల్లు మా తెలుగు సంఘానికి పోతుంది. మావాడు మొండి. "దుమ్మూ ధూల్ అన్నాక పడుద్ది నాన్నా, పోంఛా పెడితే పోద్ది. సొంతిల్లు వదిలి కిరాయికెళ్తామా?" అంటాడు. సుగుణ కూడా రెండు పూటలా తడిగుడ్డతో పోంఛా పెట్టేది. చివరికి మంచం దిగలేకపోయింది. పిల్లకు దగ్గు మొదలైంది. అది సుగుణ దగ్గే, నేను గుర్తుపట్టాను. నాకు భయంగా ఉంది. చేతులు కాలాక ఆకులు పట్టుకోకురా నాయనా.

5. ఈ షరతు మీద శామ్సన్ కోర్టుకెక్కితే సత్తిరాజు గారు వాదన పెట్టుకోనక్కర్లేదు. నీలిమ పుట్టి ఇంటికొచ్చిన రోజు, ఉయ్యాల పైన తెల్లరంగు పూసిన కొత్త కాన్వాసు ఒకటి తగిలించాను. దాన్ని తీసుకెళ్లి జడ్జిగారి ముందు పెట్టండి. మొన్న జెస్సీ దాన్ని చూసి, వాన మబ్బులు భలే వేశారు మావయ్యా అంది. ఆ తెలుపు తర్వాత నేను దాని మీద కుంచె పెట్టలేదు.

బీర్‌గావ్, 19 జనవరి 2012
(సంతకం) ఏలియా

సాక్షులు:
నాగబాబు, పక్కింటివారు
ఉమారాణి, నర్సు, సుగుణతో కలిసి పనిచేసినామె