నా ‘ఆగు’ ఎవరికి చెందాలంటే

దర్జీ చిన్న కూతురిని, ముప్పై ఒక్కేళ్లదాన్ని, పుట్టుకతో చెవిటిదాన్ని, పదకొండేళ్లుగా రంగస్థలం మీదా, రెండు సినిమాల్లోనూ నటించిన దాన్ని అయిన నేను, ఆసుపత్రి రెండో అంతస్తులో కిటికీ పక్క మంచం మీద కూర్చుని, తెలివి స్థిమితంగా ఉండగా, ఎవరి ఒత్తిడీ లేకుండా, నా చేత్తో నేను రాసుకుంటున్న వీలునామా ఇది. ఇంతకు ముందు వేరే వీలునామా ఏదీ రాయలేదు. రాయాల్సినంత ఆస్తి నాకుందని కూడా అనుకోలేదు.

ఎల్లుండి గురువారం నా తలకు ఆపరేషన్. డాక్టరుగారు కాగితం మీద “భయపడాల్సింది ఏమీ లేదు” అని రాసి, దాని కింద రెండు గీతలు గీశారు. ఆ గీతలు చూశాకే నాకు భయం వేసింది.

అయినా ఈ కాగితం రాయడానికి కారణం ఆ భయం కాదు. మొన్న ఆదివారం మా నాటక కంపెనీ యజమాని నన్ను చూడటానికి వచ్చాడు. నా ఎదురుగా నిలబడి “నువ్వు నిదానంగా కోలుకోమ్మా, తొందరేం లేదు” అన్నాడు. తలుపు దాకా వెళ్లి పక్కనున్న మేనేజరుతో “వచ్చే నెల ఆటలకి సినిమా ఆవిడతో మాట్లాడేశా. చెవిటిదానిలా చెయ్యడం ఎంతసేపు? పిలిస్తే తిరక్కుండా ఉంటే సరిపాయె” అన్నాడు. పదిహేను అడుగుల దూరం నుంచి నేను పెదవులు చదవగలనన్న సంగతి పదకొండేళ్లుగా ఆయనకు గుర్తుండటం లేదు. నా పాత్ర ఎవరి చేతికి వెళ్తుందో తేల్చకుండా నేను మత్తుమందు తీసుకోను.

లాయరుగారు తెచ్చిన నమూనాలో “పై సంగతులన్నీ చదివి వినిపించగా విని ఒప్పుకున్నాను” అనే వాక్యం ఉంది. మా నాన్న జీవితమంతా అలాంటి వాక్యాల కిందే వేలిముద్రలు వేశాడు. ఆ వాక్యం కొట్టేశాను. నాకెవరూ చదివి వినిపించలేదు. నేనే రాసి, నేనే మూడుసార్లు చదువుకున్నాను. మా ఇంట్లో ఈ మాట చెప్పగలిగిన మొదటి మనిషిని నేను.

దీన్ని అమలు జరిపే బాధ్యత నేను చదువుకున్న బధిరుల పాఠశాల పెద్ద టీచరుగారికి అప్పగిస్తున్నాను. ఆవిడ రిటైరయ్యారు గానీ, తప్పు కనబడితే ఇప్పటికీ ఎర్ర పెన్ను తీస్తారు. ఇందులో తప్పులుంటే దిద్దవచ్చు. అర్థం మాత్రం మార్చకూడదు.

1. నేను కొనుక్కున్న రెండు గదుల ఇల్లు, అందులోని సామాను, బ్యాంకులో ఉన్నదీ మా అక్కకు చెందాలి. అమ్మ పోయేనాటికి అక్కకు పదేళ్లు, నాకు మూడు. నాకు ఐదేళ్లప్పుడు పెద్ద టీచరుగారు జాకెట్టు కుట్టించుకోవడానికి నాన్న కొట్టుకు వచ్చి, మిషన్ కింద కూర్చున్న నన్ను చూసి, ఈ పిల్లను మా బడికి పంపమని అరగంట వాదించారట. “వినపడేదానికే చదువు చెప్పించలేదు, వినపడనిదానికి దేనికమ్మా?” అన్నాడట నాన్న. పక్కన కాజాలు కుడుతున్న అక్క తలెత్తకుండానే “నా సంగతి వదిలెయ్ నాన్నా. దాన్ని పంపు. ఇంటి పని నేను చూసుకుంటాగా” అందట. అప్పటినుంచి ప్రతి సోమవారం నన్ను బస్సులో తీసుకెళ్లి హాస్టల్లో దింపేది, శనివారం తీసుకొచ్చేది. తిరుగు ప్రయాణంలో ఆ వారం నేర్చుకున్న సైగలన్నీ ఆమెకు నేర్పేదాన్ని. ఎవరైనా మమ్మల్ని వింతగా చూస్తే అక్క వాళ్ల వైపు తిరిగి కొన్ని సైగలు చేసేది. వాటి అర్థం ఇలాంటి కాగితంలో రాయకూడదు.

చేతులతో అన్నీ నేర్చుకున్న అక్క అక్షరాలు మాత్రం నేర్చుకోలేదు. “ఈ వయసులో నాకు అఆలేంటే, నువ్వున్నావుగా” అంటుంది. ఇప్పుడు ఆ మాట అనడానికి వీల్లేదు. కాబట్టి షరతు: ఇంటి కాగితాల మీద అక్క సంతకం చేయాలి, వేలిముద్ర పనికిరాదు. ఇది చట్టం ముందు నిలబడదని లాయరుగారు చెప్పారు. అక్క ముందు నిలబడితే నాకు చాలు.

2. నాన్న కుట్టుమిషన్ మా పాఠశాలకు చెందాలి. నాకు లయ అంటే ఏమిటో తెలిసింది దాని బల్ల మీద అరచెయ్యి ఆనించి. అంచు కుట్టేటప్పుడు దాని నడక వేరు, కాలరు కుట్టేటప్పుడు వేరు. నాన్న కోపంగా ఉన్న సంగతి కొట్లోకి రాగానే బల్ల తాకి తెలుసుకునేదాన్ని. చిన్న తరగతి పిల్లల్ని దాని మీద చేతులు పెట్టనివ్వండి, సూది వైపు కాకుండా.

నాన్న నా నాటకానికి ఒక్కసారే వచ్చాడు. ఆట అయ్యాక తెర వెనక్కి వచ్చి, నటన గురించి ఒక్క ముక్కా అనకుండా, “భుజం దగ్గర వదులుగా ఉంది, విప్పివ్వు” అన్నాడు. ఆయన బిగించిన కుట్టుతోనే ఆ జాకెట్టు ఇంకా ఉంది. దాన్ని ఎవరికీ రాయడం లేదు. ఏదైనా జరిగితే నాకు అదే తొడగండి.

3. మొదటి సినిమా దర్శకుడికి, ఆ సినిమాలో నా చెవికి పెట్టించిన వినికిడి యంత్రం ఇస్తున్నాను. పుట్టినప్పటినుంచి ఏ యంత్రమూ పనిచేయని చెవులు నావి. “అది కనబడకపోతే నువ్వు చెవిటిదానివని జనానికెలా తెలుస్తుందమ్మా?” అన్నారు ఆయన. దానిలో బ్యాటరీ కూడా లేదు. ఆయనకు చెవులు బాగానే పనిచేస్తాయి. అయినా నాకంటే ఆయనకే దాని అవసరం ఎక్కువ.

4. నాకున్న అసలు ఆస్తి ఒక నాటకం. దాన్ని రాసిన మాస్టారు పోయే ముందు ప్రదర్శన హక్కులన్నీ నా పేర రాసిచ్చారు. ఆ కాగితం మా ఇంటి అల్మారా పై అరలో నీలం ఫైలులో ఉంది. కంపెనీ యజమానికి ఈ విషయం తెలుసు. నా తర్వాత అడిగేవాళ్లుండరని ఆయన ధైర్యం.

అందులో నాది బట్టలు ఉతికే చెవిటి తల్లి పాత్ర. ఆమె రైలు పట్టాలకు వీపు చేసి బట్టలు పిండుతూ ఉంటుంది. ఆరేళ్ల కూతురు ఆడుకుంటూ పట్టాల మీదికి వెళ్తుంది. రైలు వస్తుంటుంది. ప్రేక్షకులకు వినపడుతుంది, తల్లికి వినపడదు. చివరి క్షణంలో తిరిగి చూసి, నాటకం మొత్తంలో ఒక్కటే మాట పలుకుతుంది: “ఆగు!” పిల్ల ఆగుతుంది.

ఎప్పుడు తిరగాలో నాకు తెలిసేది కాళ్ల ద్వారా. డ్రమ్ము వాయించే బాబాయి పక్క తెర వెనక రెండుసార్లు మడమతో తన్నితే కొయ్య వేదిక అదిరి నా పాదాలకు అందేది. మొదటిసారి వేరే ఊరు వెళ్లినప్పుడు కొత్త హాలు, అద్దంలా మెరుస్తోంది, అందరం మురిసిపోయాం. వేదిక సిమెంటుదని ఎవరికీ తట్టలేదు. ఆ రోజు బాబాయి తన్నాడు. మళ్లీ తన్నాడు. ఒక చేత్తో రైలు మోత వాయిస్తూ, మడమ వాచేదాకా తన్నాడు. నేను ప్రశాంతంగా బట్టలు పిండుతూనే ఉన్నాను. రైలు నాలుగు నిమిషాలపాటు వస్తూనే ఉంది. పట్టాల మీద పిల్ల నిజంగానే ఏడ్వడం మొదలుపెట్టింది. చివరికి మేకప్ పిన్ని పౌడరు డబ్బా దొర్లిస్తే అది నా కాలికి తగిలి తిరిగాను. హాల్లో సగం మంది లేచి నిలబడి ఉన్నారు. ఒకాయన పెదవుల మీద “చూడవే తల్లీ, వెనక్కి చూడవే!” అన్న మాట నాకు స్పష్టంగా కనబడింది.

మర్నాడు పేపరులో ఆ నాలుగు నిమిషాలను ఆకాశానికెత్తారు. మాస్టారు నవ్వి, వాటిని నాటకంలో రాసేశారు. యజమాని మాత్రం వేదిక మీద పరవడానికి పన్నెండు కొయ్యపలకలు చేయించి నాకే ఇచ్చేశాడు. ఎక్కడికెళ్లినా లారీలో అవి మాతో వస్తాయి. ఆయన నాకు చేసిన ఒకే ఒక్క మంచి పని అది. అందుకే ఆయన్ని ఇంతకంటే తిట్టడం లేదు.

ఇదే నాటకం నా రెండో సినిమా అయింది. విడుదల రోజు అక్కతో కలిసి హాల్లో కూర్చున్నాను. తెర మీద నేను “ఆగు” అన్నాను. పక్కన అక్క మొహం మాడిపోయింది. “అది నీ గొంతు కాదే” అని సైగ చేసింది. నాకు చెప్పకుండా వేరొకరి చేత పలికించారు. నా ‘ఆగు’లో ‘గు’ సరిగా పలకదు, అది గొంతులోంచి కాక కడుపులోంచి వస్తుందని మాస్టారు అనేవారు. దాన్ని తీసేసి, తీపిగా ఒక మాట పెట్టారు. ఆ తీపి పిలుపుకు ఆ పిల్ల ఎలా ఆగిందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఆ మాట పలికిన డబ్బింగ్ ఆవిడ నెల తర్వాత నన్ను వెతుక్కుంటూ వచ్చింది. “ఎవరి గొంతు మీద మాట్లాడుతున్నానో నాకు చెప్పలేదమ్మా” అని ఏడ్చింది. ఆమె మీద నాకు కోపం లేదు. పెదవుల కదలిక నేర్చుకోవడానికి నేను చిన్నప్పటినుంచి వాడిన చేతి అద్దం ఆమెకు ఇవ్వండి.

5. నాటకం హక్కులు, పన్నెండు పలకలు బిస్కెట్ల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ చేసే అమ్మాయికి చెందాలి. మా బడిలో నాకంటే ఏడేళ్లు చిన్న, నాలాగే చెవిటిది. ముక్కు పక్కన వేలితో గీత గీస్తే అదే ఆమె పేరు. ఫ్యాక్టరీలో షిఫ్టు మార్చుకుని మరీ నాటకం నలభైసార్లు చూసింది. ఆ పాత్రను చెవిటి నటి తప్ప వేరెవరూ వేయకూడదు. ఎవరూ నా గొంతును అనుకరించకూడదు.

నిన్న సాయంత్రం ఆమెను పిలిపించి ఈ సంగతి చెప్పాను. “వద్దక్కా, అది నీది. నాకు గొంతే లేదు” అని చేతులు అడ్డంగా ఊపింది. బడిలో ఆరో తరగతి తర్వాత ఆమె నోరు తెరవలేదు. పిల్లలు నవ్వారని. నేను ఆమె అరచెయ్యి నా గొంతు మీద పెట్టుకుని ఒకసారి మెల్లగా ‘ఆగు’ అని పలికాను. తర్వాత ఆమె చెయ్యి ఆమె గొంతు మీద పెట్టి, కిటికీలోంచి కింద రోడ్డు చూపించి, “అక్కడ నీ పిల్ల ఉంది” అన్నాను.

ఆమె పలికింది. ఎలా పలికిందో మా ఇద్దరికీ తెలియదు. నేను చూసింది మాత్రం రాస్తున్నాను. తలుపు దగ్గర ట్రే పట్టుకున్న నర్సు ఒక కాలు ముందుకు వేసి అలాగే నిలబడిపోయింది. వరండాలో స్ట్రెచర్ తోస్తున్నాయన ఆగాడు. పక్క మంచం ముసలమ్మ గ్లాసు నోటి దాకా తెచ్చి ఆపేసింది. వేదిక మీద పదకొండేళ్లు అరిస్తే, నా మాటకు ఆగింది ఒక్క పిల్లే.

కనుక ఆ పాత్ర ఈ రోజునుంచే ఆమెది, గురువారం తర్వాత నేను లేచి నడిచినా సరే. బతికుండగా ఇచ్చేది వీలునామాలో చెల్లదని, దానికి వేరే పత్రం రాయాలని లాయరుగారు అంటున్నారు. రేపు పొద్దున్నే ఆ పత్రం తెమ్మన్నాను.

2014 జూన్ 17, మంగళవారం, మధ్యాహ్నం

సంతకం: దర్జీ చిన్న కూతురు, నటి

సాక్షులు (సాక్షులకు ఏమీ రాయకపోవడమే మంచిదని లాయరుగారు చెప్పినందువల్ల, నాకు ఎంతో ఇచ్చిన ఈ ఇద్దరికీ నేను ఏమీ ఇవ్వలేకపోయాను):

1. డ్రమ్ము బాబాయి
2. మేకప్ పిన్ని