భూమి కేసుల వకీలు

మహబూబాబాద్,
మంగళవారం

నా మంచి బాపూ,

ఫోన్ చేస్తే "వకీల్ సాబ్ అంత చూస్కుంటడు, నువ్వు నిమ్మళంగుండు" అని పెట్టేస్తవు. అందుకే రాస్తున్న. కాయిదాన్ని మధ్యల పెట్టెయ్యరాదు గద. కండ్ల ఆపరేషన్ అయిన కాంచి నీకు అక్షరాలు అలుక్కపోతున్నయని తెలుసు, అమ్మతోని సదివించుకో. అమ్మా, బాపు ఎంత కసురుకున్నా నువ్వు యాడ ఆపకు.

నిన్న జనగామ కోర్టుల ఏమైందో నీ లింగారావు వకీలు నీకు చెప్పే ఉంటడు. ఏం చెప్పిండో ఇక్కడ కూసోనే చెప్పగల్గుత. "కేసు మన చేతులనే ఉన్నది పటేలా" అనుంటడు. ఆ మహానుభావుడు పొద్దుగాల నా ముందట్నే నిలబడి "వెంకట్రాం పటేల్ బిడ్డ ఇంక రాలేదా?" అని నన్నే అడిగిండు! కేసు నాది, ఇడుపు కాయిదాలు నావి, బిడ్డ నాది, ఆయనకు మాత్రం నా మొఖం తెల్వది. ఎట్ల తెలుస్తది? ఇన్ని నెలల్ల నాతోని ఒక్కపారన్న కూసోని మాట్లాడిండా? మాట్లాడుడు నీతోని, సంతకం నాది. నేనూ కండ్లు మూసుకోని పెట్టిన, బాపు చూసిండు గద అని.

జడ్జమ్మ నన్ను పిలిచి ఏమడిగిందో తెలుసా? "పాపను తాత వెంకట్రాం దగ్గర ఉంచాలని కోరుతున్నారు. మరి మీరెక్కడ ఉంటారమ్మా?" బిడ్డను నాకియ్యుమని కేసేసిన్నని నేననుకుంటున్న. నీ వకీలు నీకియ్యుమని రాసిండు! ఇగ అజయ్ దిక్కు వకీలు ఊకుంటడా? లేచి, "తల్లికి దవాఖాన కొలువే ముఖ్యం మేడం. నైట్ డ్యూటీలని చెప్పి బిడ్డను ముసలోళ్ల కాడ ఇడిసిపెట్టింది. తండ్రి ఉండంగ తాత ఎందుకు? భూపాలపల్లిల క్వార్టరున్నది, పక్కనే బడి ఉన్నది, నాయనమ్మ ఉన్నది" అన్నడు. జడ్జమ్మ తలకాయ ఊపుకుంట రాసుకున్నది. నా రిషితను వానికే ఇస్తరేమోనని భయమైంది. నీ లింగారావు మాత్రం కండ్లద్దాలు తుడుసుకుంట నిలబడ్డడు.

అవు బాపూ, బిడ్డను తరిగొప్పులల పెట్టుమన్నది ఎవరు? నేనా? "పిల్ల మన ఇంట్ల ఉంటే కబ్జ మనదే, కబ్జల ఉన్నోన్ని కోర్టు లేపదు" అని ఆయన అంటే, నువ్వొచ్చి బడిల నుంచే తీస్కపోయినవు. పిల్ల మీ కాడ ఉంటేనే కేసు జనగామల పడ్తది, ఆయనకు నడుసుకుంట పోయి రావొచ్చు గద! నా బిడ్డ ఏమన్న చెల్క భూమా? ఆగు, రేపు హద్దులు గూడ రాస్తడు, తూర్పున తాత మంచం, పడమట అమ్మమ్మ పొయ్యి అని. వాగు పక్క పొలం కేసు గెలిపిచ్చిండని నువ్వు ఆయన్ని నెత్తిన పెట్టుకున్నవు. నీ కంటికి శుక్లాలొస్తే పశువుల డాక్టరు కాడికి పోయినవా? పోలే. నలుగుర్ని అడిగి, మంచి దవాఖాన ఎతుక్కోని పోయినవ్. నా బతుకు కాడికి వచ్చేసరికి చేతికందినోడు చాలని అనుకున్నవు.

ఇంకోటి. అజయ్ నన్ను కొట్టిన ముచ్చట ఆ పిటిషన్ల ఒక్క ముక్క లేదు. "అభిప్రాయ భేదాలు" అని రాసి ఊకున్నడు. గిదేంది సార్ అంటే, "మీ బాపే వద్దన్నడమ్మా, ఇజ్జత్ సంగతి" అన్నడు. నిజమేనా? నువ్వే వద్దన్నవా? జవాబు రాయి.

నీ వకీలు గుర్తువట్టని నీ బిడ్డ,
శ్రీలత


మహబూబాబాద్,
శనివారం

బాపూ, నీకో దండం,

ఇన్నొద్దులైనా జవాబు రాయలే. రాయవని తెలుసు. రిషితను నేను తోల్కొస్తుంటే గేటు కాడ అడ్డం నిలబడి "వకీల్ సాబ్‌ను అడుగు" అన్నవు చూడు, అప్పుడే అనుకున్న, ఇగ ఈయనతోని అయ్యేది లేదని. నా కడుపుల పుట్టిన పిల్లను తీస్కపోనీకి భూమి కేసుల వకీలును అడగాల్నట! ఇప్పుడు పాప నా దగ్గర్నే ఉన్నది, తన పాత బడికే పోతున్నది.

వకీలును మార్సిన. మార్సుడు ఎంత కష్టమో నీకేం తెలుసు. లింగారావు కాడికి పోయి కేసు ఇడిసిపెడ్తున్నట్టు సంతకం చెయ్యుమంటే, "పటేల్‌ను అడిగి చేస్తనమ్మా" అన్నడు. వకాల్త్ ఇచ్చింది నేను! సిగ్గన్న ఉండాలె గద. "చెయ్యకపోతే జడ్జమ్మకే చెప్త" అంటే మొఖం మాడ్సుకోని చేసిండు.

కొత్త వకీలు కోసం తిరిగినప్పుడు ఎసుంటోళ్లను చూసిన్ననుకున్నవ్! ఒకాయన నేను పేరు చెప్పకముందే కేసు గెలిపిచ్చిండు. "గ్యారంటీ తల్లీ, నాది గ్యారంటీ" అంటడు. ఏం కేసో అడగడు! ఇంకో పెద్దమనిషి "మొగోడన్నంక ఒక దెబ్బేస్తడు, పిల్ల మొఖం చూసి సర్దుకో" అని నీతులు చెప్పిండు. సర్దుకునేదాన్నైతే ఆయన మెట్లెందుకు ఎక్కుత? ప్రణయ్ అని ఒక కొత్తాయన ఉన్నడు, నేను ఏడుసుకుంట చెప్తుంటే ఫోన్ ఎత్తి "మేడం, ఇదే మాట కెమెరా ముందట చెప్తరా? వీడియో బాగ పోతది" అన్నడు. చెప్పు తీసేదాన్నే, జర ఓపిక పట్టిన.

ఆఖర్కి రూతు మేడం దొరికింది. ఈడ స్టేషన్ దిక్కు చిన్న ఆఫీసు, ఇసోంటి కేసులే చూస్తది. ఆమె నన్ను అడిగిన మొదటి మాట ఏందో తెలుసా? "నీకేం కావాలమ్మా?" బాపూ, నువ్వు గాదు, నీ వకీలు గాదు, నన్ను ఆ మాట అడిగినోళ్లే లేరు ఇన్నొద్దులల్ల. నాకు దుఃఖమాగలే. తర్వాత అన్నీ అడిగింది. పాపకు జరమొస్తే ఎవరు లేస్తరు, బడికి ఎవరు దింపుతరు, అజయ్‌ను చూస్తే పాప భయపడ్తదా, అన్నీ. నాకు నచ్చని మాటలు గూడ చెప్పింది. "గెలుస్తమని నేను మాటియ్య. ఆదివారాలు తండ్రికి పిల్లను చూపియ్యాల్సి రావొచ్చు. కానీ కొట్టుడు చూసిన మనిషి ఒక్కరన్న వచ్చి చెప్పాలె. లేకపోతే అతను, కొలువు కోసం తనంతట తనే పోయిందంటడు, పిల్లనడుగుతడు" అన్నది.

"కొట్టినప్పుడు ఇంట్ల ఎవరున్నరు?" అని అడిగింది. "మా బాపు ఒక్కడే" అన్న. "ఒక్కడేనా? మంచిగ యాదికి తెచ్చుకో" అన్నది. "ఒక్కడే మేడం, పాప పండుకున్నది" అన్న.

ఇగ చెప్పు. భూపాలపల్లి క్వార్టర్ల, ముందరింట్ల, సోఫాల కూసున్నవ్. చేతిల చాయ్ గ్లాసున్నది. అజయ్ నన్ను గోడకేసి కొట్టిండు. నువ్వు గ్లాసు కింద పెట్టలే. తాగినవ్ బాపూ! తాగి, మూతి తుడుసుకోని, "జర మెల్లగ మాట్లాడుకోన్రి, పక్కింటోళ్లు ఇంటరు" అన్నవు. అప్పటిసంది నేను ఆ మాట ఎవ్వరికీ చెప్పలే.

లింగారావును ఎందుకు పెట్టినవో గిప్పుడు సమజైంది. తెలివిలేక కాదు. ఆయన ఏదీ అడగడు గనక. అడిగే వకీలైతే "ఎవరు చూసిన్రు" అని అడుగుతరు, నువ్వు బోనెక్కాలె, ఆ చాయ్ సంగతి చెప్పాలె. నా బిడ్డ పోయినా మంచిదే, నీ మీసం కిందికి రావొద్దు. థూ!

ఎల్లుండి కాదు, అవుతల సోమవారం జనగామల సాక్ష్యం. వస్తే రా. రాకపోతే ఇగ నాకు బాపు లేడనుకుంట, ఇది ఊకె కోపంల రాస్తున్న మాట కాదు.

శ్రీలత


తరిగొప్పుల,
బుధవారం

నా బంగారు శ్రీలతకు,

నీ ఉత్తరాలు రెండూ బాపుకు సదివి ఇనిపిచ్చిన. మొదటిది సగంల "ఇగ చాలు" అన్నడు, నేను ఆపలే. రెండోది తీసేసరికి లేచి బాయికాడికి పోయిండు. నేనూ ఎనకనే పోయిన. మోటర్ పెట్టిండు సప్పుడుకు ఇనపడొద్దని. బంద్ జేసి, ఒడ్డుమీద కూసోని ఆఖరి దాక సదివిన. కలుపు తీసెటోళ్లు ఇన్నరు. ఇననీ.

"నలుగుట్ల నా ఇజ్జత్ తీస్తరా తల్లిబిడ్డలు?" అన్నడు. రాడంట. ఏం బతిమిలాడకు. పొద్దుమీకి లింగారావు వచ్చిండు. ఇద్దరూ అరుగు మీద కూసోని, నీకు బుద్ధి లేదని తీర్మానం జేసిన్రు. బాపు "చాయ్ పెట్టు" అని కేకేసిండు. పాలు లేవన్న. బర్రె ఎదురుంగనే ఉన్నది, ఇద్దరూ దాని దిక్కే చూసిన్రు.

గని బిడ్డా, నా కోపం ఆళ్ల మీద కాదు. ఆళ్లు అంతే. నా కోపం నీ మీద. ఆ వకీలమ్మ రెండుమాట్లు అడిగిందంటివి, మంచిగ యాదికి తెచ్చుకోమన్నదంటివి. "బాపు ఒక్కడే" అని రెండుమాట్లు చెప్పొచ్చినవు. వకీలు నీ మొఖం గుర్తువట్టలేదని అంత ఒర్రితివి గదనే, మరి నువ్వు నాకేం జేసినవ్?

రిషితకు జరమని ఆనాడు బాపుతోని నేను రాలేదా? వంటింటి దర్వాజల నిలబడి అంత చూసిన. కుడిచేతితోని కొట్టిండు, ఆ చేతికి గడియారం ఉండె. నీ చెవి కమ్మ ఊడి సోఫా కిందికి పోయింది. మీరందరు లోపలికి పోయినంక ఒంగి ఎతికి తీసి, కడిగి, నీకు పెట్టింది నేను. బాపు నా దిక్కు చూసి "లోపలికి పో" అని కన్ను జేసిండు. అప్పుడు పోయిన. ఇగ పోను.

రూతమ్మకు చెప్పు, ఏమడిగినా చెప్తనని. భయమేం లేదు. సోమవారం పొద్దుగాల బస్సుకు జనగామ వస్త, కోర్టు కాడ నిలబడు. పిల్లకు సకినాలు తెస్తున్న.

బాపు చేతిల ఉన్న ఆ చాయ్ ఎవరు పెట్టిన్రనుకున్నవ్ బిడ్డా?

మీ అమ్మ,
మనోరమ