తలా ఒక మాట

చిరంజీవి బుజ్జికి అమ్మ దీవెనలు.

ఇక్కడ అన్నయ్యా, వదినా, నేనూ కులాసా. నా మోకాలు ఎలా ఉందని అడిగావు. మెట్లెక్కేటప్పుడు తిట్టుకుంటాను, దిగాక మర్చిపోతాను. నీళ్ళ మోటారు బాగైంది. మెకానిక్ బాగుచేస్తే మీ అన్నయ్య తనే చేశానని వీధంతా టముకు వేస్తున్నాడు.

"మీ నాటకాల కమిటీ ఇంకా అలాగే ఏడుస్తోందా?" అన్నావు. అలాగే ఏడుస్తోందే తల్లీ. టైలరుగారూ, మందుల షాపాయనా, నేనూ. ముగ్గురం మూడు మతాలవాళ్ళం. నాటకం ఆడకముందే చదివి కోసే మా పద్ధతి నీకు తెలిసిందే. ఎవరి మతం మీది మాట వాళ్ళే కొట్టెయ్యాలి, ఒకరు కొట్టేస్తే మిగతా ఇద్దరూ తలా ఒకటి కొట్టెయ్యాలి. లేకపోతే పక్షపాతమట! మొన్నొక నాటకంలో షాపాయన మతం ఊసే లేదు. "మరి నా వాటా ఏదండీ?" అని పేచీ పెట్టి, దగ్గుమందు మీది జోకు కొట్టేసి శాంతించాడు. దీన్నే లౌకికవాదమని చెప్పుకుని చప్పట్లు కొట్టించుకుంటున్నాం.

మోకాలూ మోటారూ అంటూ ఇంతసేపూ తప్పించుకున్నాను. నీ నాటకాన్ని కోసింది ఎవరని అడిగావు. "షాపాయనే అయ్యుంటాడు" అని రాశావు. పాపం, ఆయన కాదు. నేనే.

మేం పేరు చూడకుండా చదువుతాం కదా, అయినా రెండో సీనుకే నీదని తెలిసిపోయింది. మీ నాన్నగారు పోయిన రోజు. ఆస్పత్రిలో ఆయన్ని కంటికి రెప్పలా చూసుకున్న టైలరుగారిని, వేరే మతమని మన మతపెద్ద అంతిమయాత్రలో భుజం పట్టనివ్వకపోవడం. నాటకంలో అమ్మ అందరి ముందూ నిలదీస్తుంది: "దేవుడికి లేని పట్టింపు మీకెందుకండీ?"

నేనప్పుడు ఆ మాట వంటింట్లో నీ చెవిలో గొణిగాను, అంతే.

కూతురి చేత సొంత మతాన్ని తిట్టించిందంటారని భయపడ్డాను. ఎవరూ నోరు తెరవకముందే "ఇది మావాళ్ళని నొప్పిస్తుంది" అని ఆ మాట కొట్టేశాను. టైలరుగారి ఎదుటే కొట్టేశానే! ఆయన "పద్ధతి ప్రకారం నేనూ ఒకటి కొట్టెయ్యాలి కదమ్మా" అని పెన్సిల్ తీసుకున్నాడు. ఆయన్ని చూసి నువ్వు రాసిన స్నేహితుడి పాత్రకి ఉన్నదే ఒక్క మాట, "నేను వెనకాల నడుస్తాలెండి" అని. దాన్ని కొట్టేశాడు. షాపాయన కూడా తన వాటా కానిచ్చాడు. అందరం టీ తాగి లేచాం. సిగ్గుతో చచ్చిపోతున్నానే బుజ్జీ.

కొట్టేసినవాళ్ళు అడిగితేనే మాట తిరిగి పెడతారు. రేపే ఆఖరి సమావేశం. ముందు టైలరుగారి కొట్టుకి వెళ్ళి, ఆయన మొహం చూసి క్షమించమని అడగాలి. తర్వాత కమిటీలో ఆ మాట నేనే పైకి చదవాలి. "ఇంత మాట ఎవరన్నారండీ?" అంటే, అనాల్సింది నేనేనని చెప్పాలి. అంత ధైర్యం ఉందని నీకు అబద్ధం చెప్పను. నీళ్ళు నమిలి ఇంటికొచ్చేస్తానేమో కూడా.

వేళకి తిను. నా మీద కోపం వస్తే దాచుకోకు, రాయి.

ఇట్లు,
నువ్వు నాటకంలో రాసిన అమ్మంత కాలేకపోయిన
మీ అమ్మ