అమ్మ జబ్బు పేరు

నాన్నా,

నీకు ఫోన్ సరిగ్గా వినపడదని ఉత్తరం రాస్తున్నాననుకోకు. వినపడినా ఇది రాసేదాన్నే. ఈ సంగతి ఫోన్లో నీకు వినపడేలా అరిస్తే మా బస్సు డిపో మొత్తం వింటుంది.

మూడు నెలలుగా నాకు నెలసరికీ నెలసరికీ మధ్యలో మరక కనపడుతోంది. ఎక్కువేం కాదు, రెండు మూడు చుక్కలు. ఒకసారి పన్నెండో రోజు, ఇంకోసారి పద్దెనిమిదో రోజు. మొదట్లో, పొద్దస్తమానం డ్రైవరు సీట్లో కూర్చోవడం వల్లేమో అనుకున్నాను. తర్వాత వేడి చేసిందనుకున్నాను. మూడో నెల భయమేసింది. నీ అల్లుడికి కూడా చెప్పలేదు. "ఏంటే అలా ఉన్నావు?" అని అడిగితే "ట్రాఫిక్" అన్నాను. పాపం, నమ్మేశాడు.

నిన్న డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. నువ్వు అలవాటు చేసిన తేదీల పుస్తకం ఆవిడ చేతికిచ్చాను. ఏ రోజు, ఎంత, ఏ రంగు, అన్నీ ఉన్నాయి అందులో. "ఇంత వివరంగా రాసుకొచ్చినవాళ్లు తక్కువమ్మా, నా పని సగం తగ్గించావు" అంది. ఆ భయంలో కూడా పొంగిపోయాను. ముందు గర్భమేమోనని పరీక్ష చేసింది, కాదని తేలింది. అండం విడుదలయ్యే రోజుల్లో కొందరికి ఇలా చుక్క కనపడి పోతుందట. గర్భం రాకుండా వాడే మాత్రలు వేళకు వేసుకోకపోయినా, థైరాయిడ్ తేడా చేసినా, లోపల ఇన్ఫెక్షన్ ఉన్నా, చిన్న కండ పెరిగినా కనపడొచ్చట. "చాలామందికి పెద్ద జబ్బేమీ ఉండదు. ఆ మాట ఇంట్లో కూర్చుని ఎవరికి వాళ్లు తేల్చేసుకోకూడదు, అంతే" అంది.

తర్వాత అడిగింది. "మీ అమ్మగారు ఏ జబ్బుతో పోయారు?"

"తెలీదు" అన్నాను నాన్నా. నాకు తొమ్మిదేళ్లప్పుడు నువ్వు "కడుపులో జబ్బు" అన్నావు. నేను మళ్లీ అడగలేదు.

పదమూడేళ్లప్పుడు నేను స్కూల్ నుంచి ఏడుస్తూ వస్తే, లాండ్రీ నుంచి తడి చేతులతోనే పరుగెత్తుకొచ్చావు. "ఏం కాలేదురా, నీ ఒళ్లు దాని పని అది చేసుకుంటోంది" అన్నావు. రక్తం మరకకి వేడినీళ్లు తగలకూడదని, చన్నీళ్లతో ఎలా ఉతకాలో చూపించావు. కొట్టువాడు ప్యాడ్ల ప్యాకెట్‌ని పాత పేపర్లో చుట్టబోతే "ఎందుకయ్యా, దొంగసరుకా?" అన్నావు. నా స్నేహితురాళ్లలో ఎవరికీ ఇలాంటి నాన్న లేడు. దేనికీ సిగ్గుపడని మనిషివి, ఆ ఒక్క పేరు ఎందుకు చెప్పలేదు? బుధవారం మళ్లీ వెళ్లాలి. ఆలోపు రాయి.

నీ పిడుగు

*

చిట్టితల్లీ,

మీ అమ్మకి గర్భాశయ ముఖద్వారం దగ్గర క్యాన్సర్. పేరు ముందే రాసేశాను, అటూ ఇటూ తిప్పితే చేయి ఆగిపోతుందని.

ఏడాదిపాటు ఆమెకి మధ్యమధ్యలో మరక అయ్యేది. నాతో అనలేదు. కానీ నాకు తెలుసు. నేను లాండ్రీవాణ్ణి. మరక చూసి టీ ఏదో, తుప్పు ఏదో, రక్తం ఏదో, ఎన్నాళ్లదో చెప్పేవాణ్ణి. మన తీగ మీద ఆరేసిన మీ అమ్మ బట్టల మీద ఎన్నోసార్లు చూశాను. ఆడవాళ్ల సంగతి నేనెలా అడిగేది అనుకున్నాను. ఆయనతో ఎలా చెప్పేది అని ఆమె అనుకుంది. ఒకే గదిలో ఏడాది అలా గడిపాం. నొప్పి ఎక్కువయ్యాక ఆసుపత్రికి తీసుకెళ్లాను. "ఇన్నాళ్లు ఏం చేస్తున్నారు?" అన్నాడు డాక్టరు.

నేను సిగ్గుపడనని రాశావు. నీకు పన్నెండేళ్లు రాగానే, ఉతకడానికి ఆసుపత్రి దుప్పట్లు తెచ్చుకునే చోట ఒక నర్సమ్మని బతిమాలి ఈ నెలసరి సంగతులన్నీ అడిగాను. చీటీ మీద రాసుకుని, నువ్వు స్కూలుకి వెళ్లాక అద్దం ముందు నిలబడి వల్లించాను. నీకు చెప్పిన రోజు ఆ చీటీ నా జేబులోనే ఉంది. కొట్లో ఆ మాట అన్నప్పుడు కాళ్లు వణికాయి.

నిజం తెలిస్తే నీ దృష్టిలో చిన్నవాణ్ణి అయిపోతానని దాచాను. ఈ కాగితం డాక్టరమ్మకి చూపించు. అల్లుడికి ఈ రోజే చెప్పు. అతన్ని నాలాగా మిగల్చకు.

నాన్న

*

నాన్నా,

నీలాగే నేనూ అసలు మాట ముందు రాస్తున్నాను. క్యాన్సర్ కాదు. గర్భాశయ ముఖద్వారం దగ్గర మిరియపు గింజంత కండ. పాలిప్ అంటారట. డాక్టరమ్మ పది నిమిషాల్లో తీసేసి పరీక్షకు పంపింది. రిపోర్టు రావడానికి పది రోజులు పట్టింది. మిగతా పరీక్షలు కూడా బాగానే ఉన్నాయి. మళ్లీ కనపడితే వెంటనే రమ్మంది, లేకపోయినా చెప్పిన గడువుకి వచ్చి పరీక్ష చేయించుకోమంది.

నీ అల్లుడికి చెప్పాను. "ట్రాఫిక్ అన్నావు కదే!" అని ఒక్క అరుపు అరిచాడు. తర్వాత క్లినిక్కి వచ్చి డాక్టరమ్మని నాకంటే ఎక్కువ ప్రశ్నలడిగాడు.

నీ ఉత్తరం చదవగానే నీ మీద కోపమొచ్చింది. ఈ మాట దాచను. రెండు రోజులు అన్నం సయించలేదు. అమ్మ ఆ తీగ మీద బట్టలు ఆరేసుకుంటూ ఉండటమే కళ్ల ముందు. మూడో రోజు మళ్లీ చదివాను. ఖాళీ ఇంట్లో చీటీ పట్టుకుని నువ్వు అద్దంతో మాట్లాడుకోవడం కనపడింది. బస్సు పక్కకి ఆపి ఏడ్చాను, ప్రయాణికులు టైర్ పంక్చరేమో అనుకున్నారు. నా నాన్న పుట్టుకతోనే అంత ధైర్యవంతుడు అనుకునేదాన్ని. కాళ్లు వణుకుతున్నా ఆ కొట్లోకి వెళ్లాడని తెలిశాక నువ్వు నాకు ఇంకా పెద్దవాడివయ్యావు.

ఈ రోజు డిపోలో భోజనాల దగ్గర నా సంగతంతా పైకే చెప్పాను. మా బస్సులో టికెట్లిచ్చే ఆవిడ నవ్వి, "నీకివన్నీ ఎవరు నేర్పారే?" అంది.

"మా నాన్న."

"పోవే, కోతలు."

"నిజం. ఒక నర్సమ్మని అడిగి, నేర్చుకుని మరీ చెప్పాడు."

ఆవిడ నవ్వు ఆగిపోయింది. టిఫిన్ డబ్బా మూత పెట్టి, తీసి, మళ్లీ పెట్టింది. "నాకూ మధ్యలో అవుతోందే" అంది. "ఏడు నెలల నుంచి."

రేపటికి ఇద్దరం సెలవు పెట్టాం. పది గంటలకి డాక్టరమ్మ దగ్గర ఉంటాం.

నీ పిడుగు