అడ్డకట్టె కట్టిందెవరు?

1978 మే 14, ఆదివారం
మా ఇంటాయన కుడిచెయ్యి విరిగింది. చిత్తూరు గ్రౌండులో, ఫుట్‌బాల్ ఫైనల్లో. బంతి పోయి గోలుపోస్టు పైకట్టెకు తగిలిందంట. ఆ సరుగుడు కట్టె ఊడి గోలుకాసే ఈయన మీదే పడిందంట. అది గోలా కాదా అని రెండు టీములూ కొట్లాట! కట్టె కింద మనిషుండాడని ఎవురికీ పట్టలే. ఈయనైనా అమ్మా అన్నాడా... "గోలు కాదు సార్" అని కిందనుంచే అరిసినాడంట. చెప్పి నవ్వుతాండాడు. నాకు నవ్వు రాలే.

మే 15
పుత్తూరు పోయి కట్టు కట్టించినాం. "ఈ చెయ్యి ఇంకోసారి అదిరితే జన్మంతా వంకరే" అన్నాడు కట్టేసే పెద్దాయన. "ఆదివారం ఆ ఫైనలే మళ్ళీ పెట్టినారు, ఆడొచ్చా?" అంటాడే ఈయన! పెద్దాయన నా పక్క సూసినాడు. నేనేమన్నా కని పెంచినానా ఈయన్ని!

మే 16
మండీ నాయుడు మామిడిపండ్ల బుట్టతో వచ్చినాడు. టీము ఆయనదే. ఈయన మండీలో కాటా వేసేది పేరుకే, జీతం బంతి పట్టినందుకే.
"ఆ కట్టె ఎవురు కట్టించినారు నాయుడన్నా?"
"నేను ఆటగాళ్ళనిస్తా గానీ కట్టెలిస్తానా అమ్మణ్ణీ? రిఫరీనడుగు."
పండ్లు బాగుండాయి. కోపంతోనే మూడు తిన్నా.

మే 17
రిఫరీ డ్రిల్లు మాస్టరు బజార్లో దొరికినాడు. "నేను విజిలు ఊదేవాణ్ణమ్మా. కట్టెలు సూసేది కమిటీ."
కమిటీ ఎవురు?
"నాయుడే."
థూ.

మే 18
కెప్టెన్ మునస్వామి వచ్చినాడు. "కట్టె ఊగుతాందని అన్నకు ముందే చెప్పినా వదినా."
ఈయన్ని నిలదీసినా. "చెప్పినాడు. ఎవురూ రాలే, నేనే కట్టినా."
దేంతో?
"మన బట్టలారేసే తాడుతో."
ఓయమ్మో! ఆ తాడు కనపడలేదని నేను పక్కింటామెతో పోట్లాడి మాట్లాడకుండా ఉండానే! నవ్వు ఆగలే. తర్వాత పొయ్యికాడ ఏడుపొచ్చింది. అంతమంది ఉండారు, కట్టింది ఈ పిచ్చిమనిషొక్కడే.

మే 19
నాయుడు కబురు పంపినాడు. ఈయన ఆడకుంటే అరక్కోణం నుంచి ఇంకొకణ్ణి తెస్తాడంట. వాడు మండీలోనే, ఈయన కాటాకాడ నిలబడిపోతే? ఈయన ఎడమచేత్తో గోడకు బంతి కొట్టి, ఎడమచేత్తోనే పడతాండాడు. గోడ సున్నమంతా రాల్తాంది.

మే 20
తిట్టినా. బంతి ఆపలే. ఇద్దరమూ అన్నం సరిగా తిన్లే.

మే 21, ఆదివారం
వాకిట్లో జీపు. అందరూ దిగినారు.
నాయుడు: "నేను ఆడమన్లే. నీ కెప్టెన్ ఎట్లంటే అట్ల."
మునస్వామి: "అన్న ఇష్టం."
ఈయన: "దాని ఇష్టం."
అందరూ నా పక్క తిరిగినారు... వారమంతా ఎవురిది బాధ్యత అని అడిగినా గదా, ఇప్పుడు జవాబు దొరికిపోయింది. నేనంట! పొమ్మంటే చెయ్యి పోతాది, వద్దంటే కూడు పోతాది. ఏది పోయినా "దాని మాటే" అంటారు.
లోపలికొచ్చి గడియేసుకుని రాస్తాండా.
హారను కొడతాండారు. తలుపవతల ఈయన: "ఏమే... పొమ్మంటావా, వద్దా?"
ఆ గొంతులో ఎంత ఆశ!
గడియ ఇంకా తీయలే.