బిగించిన మూతలు

అక్కా,

నువ్వూ బావా బాగానే ఉండి ఉంటారు. అందుకే ఆ ప్రశ్నలన్నీ పక్కనపెట్టి నేరుగా నా ఏడుపులోకి దిగుతున్నాను. ఈ మాట నీకు తప్ప ఎవరికీ చెప్పలేను. చెప్తే నవ్వుతారు, లేదంటే బుద్ధులు చెప్తారు. నాకు రెండూ వద్దు. మా ఆడపడుచుని చూస్తే నాకు కడుపు మండిపోతోందే.

బస్సు మెట్ల మీంచి పడ్డాక నా ఎడమ చెయ్యి ఇక ఇంతేనని డాక్టరు తేల్చేశాడు కదా. భుజం దాకా కూడా లేవదు, వేళ్ళు దేన్నీ గట్టిగా పట్టుకోవు. సరే, ఉన్న ఒక్కదానితోనే నెట్టుకొద్దామని ఎన్ని తిప్పలు పడి ఎన్ని నేర్చుకున్నానో నీకు తెలీదు. తడిబట్టని కుళాయికి చుట్టి మెలిపెడితే నీళ్ళు కారిపోతాయి. కూరలు తరిగే చెక్కకి అడుగు నుంచి రెండు మేకులు కొట్టించాను. బంగాళదుంపని వాటికి గుచ్చితే బుద్ధిగా కూర్చుంటుంది, తీరిగ్గా తొక్క తీసుకుంటాను. సీసా మూత తియ్యాలంటే సొరుగు సగం తెరిచి, సీసాని అందులో నిలబెట్టి, సొరుగుని నడుముతో నొక్కిపట్టి తిప్పుతాను. మొదటిసారి అలా పంచదార సీసా తెరిచిన రోజు వంటింట్లో ఒక్కదాన్నే గంతులేశాను. ఎవరైనా చూసుంటే పిచ్చెక్కిందనుకునేవాళ్ళు.

అంతలో ఊడిపడింది మహాతల్లి. భర్త పోయాక ఇన్నేళ్ళూ మా మరిది ఇంట్లోనే ఉండేది కదా, "వదినకి సాయంగా ఉంటాను" అంటూ పెట్టెతో సహా వచ్చేసింది. నేను దుప్పటి ఒక కొస గడ్డం కింద నొక్కిపట్టుకుని మడతపెడుతుంటే రెండో కొస లాగేసుకుంటుంది. నేను ఉల్లిపాయ ముట్టుకుంటే కత్తి మాయం. "అయ్యో వదినా, నేనున్నాగా!" ఆ 'నేనున్నాగా' వినపడితే చాలు, ఒళ్ళంతా కారం రాసుకున్నట్టుంటుంది. ఆ రెండు చేతులూ ఒకేసారి చకచకా ఆడుతుంటే గుడ్లప్పగించి చూస్తాను. పిండి కలుపుతూనే రెండో చేత్తో పొయ్యి తగ్గిస్తుంది! అంత సులువుగా, ఆలోచించకుండా! నేనూ ఒకప్పుడు అలాగే చేసేదాన్ని కదా అని గుర్తొచ్చి ఉక్రోషం ముంచుకొస్తుంది.

మా ఆయన సంగతి చెప్పనే అక్కర్లేదు. పొద్దున్న డ్యూటీకి బయల్దేరుతూ, "చెల్లాయ్, నా తాళాలెక్కడే?" అంటాడు. పెళ్ళైన నాటి నుంచీ ఆ ప్రశ్న నాది. తాళాలు ఎప్పుడూ చొక్కా జేబులోనే ఉంటాయి. ఆ సంగతి చెప్పి నాలుగు చీవాట్లు పెట్టే హక్కు నాది. ఇప్పుడు ఆవిడగారు నవ్వుతూ, "జేబు చూసుకో అన్నయ్యా" అంటుంది. ఇద్దరూ ఇకిలిస్తారు. నేను గోడకున్న గడియారంలా చూస్తూ ఉంటాను.

ఇంకో భయం కూడా ఉంది. నీతో మాత్రమే అంటున్నాను. ఈ మధ్య మూతలు రావడం లేదు. సొరుగు, నడుము, అన్నీ మామూలే. చెమటలు పట్టేదాకా తిప్పినా కదలవు. కుడిచెయ్యి కూడా పోతోందా అక్కా? అదే జరిగితే ఈ ఇల్లు పూర్తిగా తనదే. నేను ఒక మూల కూర్చుని నోరు తెరవడమే, ఆవిడ ముద్ద పెట్టడమే.

నీ
కుళ్ళుబోతు చెల్లి

* * *

అక్కా,

నా కుడిచేతికి ఏ రోగమూ లేదు. రోగం ఇంకొకరికుంది.

నిన్న మధ్యాహ్నం నేను పడుకున్నాననుకుని వంటింట్లో తలుపు దగ్గరగా వేసుకుంది. మంచినీళ్ళకని వెళ్ళి సందులోంచి చూశాను. పంచదార, ఉప్పు, కాఫీపొడి, పప్పుల సీసాలు, ఆఖరికి నా తలనూనె సీసా కూడా బల్ల మీద వరసగా పెట్టుకుంది. చేతికి గుడ్డ చుట్టుకుని, పళ్ళు బిగబట్టి, ఒక్కో మూతా బిగిస్తోంది. అలవాటుగా బిగించడం వేరు, ఇది వేరు. బిగించి, తిప్పి చూసి, మళ్ళీ బిగించింది. నా తలనూనె ఆవిడకేం అడ్డమొచ్చిందో!

నేను చప్పుడు చెయ్యకుండా వచ్చి పడుకున్నాను. సాయంత్రం కాఫీపొడి సీసా కావాలని తనకే అందించి, "కాస్త తీసిపెట్టమ్మా" అన్నాను. ఎంత మురిసిపోయిందనుకున్నావ్! "అడగడానికి మొహమాటమెందుకు వదినా" అంది. చూశావా నాటకం? నేను చేతకానిదాన్నని నాకే నమ్మకం కలిగించి, నా సంసారంలో సుఖంగా తిష్ఠ వెయ్యాలని చూస్తోంది.

ఆదివారం మా ఆయన ఇంట్లో ఉంటాడు. ఆయన ఎదురుగానే కడిగేస్తాను. తనుండాలో, నేనుండాలో తేలిపోవాలి. చెల్లెలే ముద్దనుకుంటే నేను మీ ఇంటికొచ్చేస్తాను. బావకి చెప్పి ఉంచు.

నీ
చెల్లి

* * *

అక్కా,

బావకి ఏమీ చెప్పొద్దు. చెప్పేసి ఉంటే నాలుగు చీవాట్లు నా బదులు నువ్వే తిను.

ఆదివారం టిఫినయ్యాక సీసాలన్నీ బల్ల మీద పెట్టి, "ఇవి ఎందుకు బిగిస్తున్నావో మీ అన్నయ్యకి చెప్పు" అన్నాను. అబద్ధమాడుతుందనీ, ఏడుస్తుందనీ, ఆయన వెనకేసుకొస్తాడనీ అన్నిటికీ సిద్ధపడే ఉన్నాను. ఆమె ఒక్కసారి ఆయన వంక చూసి, తల దించుకుని, "వదిన తీసుకోలేకపోవాలనే" అంది.

"విన్నారా!" అని అరిచాను.

"విననీ వదినా. నువ్వన్నీ తెరిచేసుకుంటే ఇంక నన్నెందుకు ఉండమంటారు? చిన్నన్నయ్య పిల్లలు పెద్దవాళ్ళయ్యారు. వాళ్ళ గది వాళ్ళకి కావాలి. నీకు దెబ్బ తగిలిందని తెలిసి..." అంటూ ఆగింది. "పాపపుదాన్ని, హమ్మయ్య అనుకున్నాను. వచ్చి చూస్తే నువ్వు నడుముతో సొరుగులు నొక్కి మూతలు తీస్తున్నావు. నాకు గుండె ఆగినంత పనైంది. నిన్ను చూస్తే కుళ్ళు వదినా నాకు. నీకు చెయ్యి లేవకపోయినా నిన్ను పొమ్మనేవాళ్ళు లేరు. నా రెండు చేతులూ బాగున్నాయి, ఉండమనేవాళ్ళే లేరు."

ఆమె లోపలికెళ్ళి పెట్టె సర్దుకోవడం మొదలుపెట్టింది.

నాకు జాలి వెయ్యాలి కదా? నిజం చెప్పనా? ముందు సంతోషమేసింది. పడిన రోజు నుంచీ అందరూ నన్ను చూసి అయ్యో అన్నవాళ్ళే. నన్ను చూసి కుళ్ళుకునే మనిషి ఒకరున్నారంటే ఎంత బాగుందో! ఆ సంతోషం అయ్యాకే సిగ్గేసింది. వెళ్ళి ఆ పెట్టె మీద కూర్చున్నాను. "లే వదినా" అంది. "లేవను. సాయం పేరు చెప్పుకుని ఉండక్కర్లేదు. ఆయన చెల్లెలివి కాబట్టి ఉండు. రేపు నువ్వొక్క పని ముట్టుకున్నా ఊరుకోను" అన్నాను.

నిన్నంతా కుర్చీలో కూర్చోబెట్టాను. నేను దుంపలు చెక్కుతుంటే వేళ్ళు నలుపుకుంది. మంట ఎక్కువైందని రెండుసార్లు లేవబోతే కసిరాను. రాత్రి వంట నత్తనడకే, ఒక కూర కాస్త మాడింది కూడా. ఆయన కిక్కురుమనలేదు. మరి మాట్లాడితే ఊరుకుంటానా? ముగ్గురికీ కంచాలు పెట్టి, నేను కూర్చుని, రెండు ముద్దలు తిన్నాక చూస్తే, ఆమె కంచంలో చెయ్యి పెట్టలేదు.

"ఏం, మాడిందనా?" అన్నాను పుల్లవిరుపుగా.

"కాదు వదినా," అంది, ఆయనకి వినపడకుండా. "ఇవాళ నేను ఏ పనీ చెయ్యలేదు. తినొచ్చా?"



నీ
చెల్లి